అర చుట్టు వదులు చేసిన నట్టు

మెల్‌బోర్న్‌లో మా మొదటి చలికాలం బావగారింట్లో గడిచింది. ఎనభైల చివరి రోజులవి. బావగారు మా ఆయనకి అన్నగారు, పన్నెండేళ్ళు పెద్ద. మాకంటే చాలా ముందే వచ్చి, రోడ్లూ వంతెనలూ చూసే ఒక ప్రభుత్వ శాఖలో ఇంజినీరుగా కుదురుకున్నారు. మమ్మల్ని స్పాన్సర్ చేసింది ఆయనే. యూనివర్సిటీ చదువుకని కాన్‌బెర్రా వెళ్ళిన వాళ్ళమ్మాయి గది మాకిచ్చారు. ఊరికి పడమటి వైపు, చెక్క గోడల పాత ఇల్లు. వంటింటి వెనక లాండ్రీ గది, ఆ గది మూల గ్యాస్‌తో నీళ్ళు కాచే బాయిలర్.

ఆ బాయిలర్ బొమ్మ ఇప్పుడు అడిగినా గీయగలను. నా భుజం ఎత్తున తెల్ల రేకు పీపా. కింద అరచేయంత తలుపు, ఆ తలుపు వెనక పైలట్. పైలట్ అంటే చిటికెన వేలి గోరంత నీలి మంట. అది ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి. ట్యాంకులో నీళ్ళు చల్లబడినప్పుడు పెద్ద బర్నర్ దాన్నుంచే అంటుకుంటుంది. పైలట్ ఆరిందంటే ఇంటిల్లిపాదికీ చన్నీళ్ళే.

నాకు ఆ వేణ్ణీళ్ళు ఎంత అవసరమో కూడా చెప్పాలి. ఒంగోలులో ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ ల్యాబులో డిమాన్‌స్ట్రేటర్‌గా పనిచేసినదాన్ని. ఇక్కడ నా డిగ్రీ సంగతి ఎవరూ అడగలేదు. కోళ్ళ ఫ్యాక్టరీలో, చల్లటి గదిలో నిలబడి రెక్కలు వేరు చేసే పని దొరికింది. తెల్లవారకముందే షిఫ్టు మొదలై మధ్యాహ్నం రెండింటికి అయిపోయేది. రెండు జతల గ్లవ్స్ తొడుక్కున్నా వేళ్ళు కర్రల్లా బిగుసుకుపోయేవి. ఇంటికొచ్చి తాళం తియ్యాలంటే రెండు చేతులతో తాళంచెవి పట్టుకోవలసి వచ్చేది. ఎముకల్లోంచి ఆ చలి, జుట్టులోంచి ఆ కోడి వాసన పోవాలంటే వేణ్ణీళ్ళు తప్ప దిక్కులేదు. అందుకని రాగానే స్నానం చేసి, ఒక గంట దుప్పటి కప్పుకుని పడుకునేదాన్ని.

ఇక్కడ చలికాలం మొదలయ్యే జూన్‌లో పైలట్ మొదటిసారి ఆరింది. ఆఫీసునుంచి వచ్చిన మా తోడికోడలు కుళాయి తిప్పితే చన్నీళ్ళు వచ్చాయి. ఆవిడని నేను అక్కా అని పిలిచేదాన్ని. బావగారు మోకాళ్ళ మీద కూర్చుని, పీపాకి అంటించిన కాగితం చదివి, అగ్గిపుల్లతో వెలిగించారు. వారం తిరక్కుండా మళ్ళీ ఆరింది. మూడోసారి ఆరినప్పుడు నన్ను హాల్లోకి పిలిచారు.

"చూడమ్మా, ఆఫ్టర్‌నూన్ నువ్వు అంతసేపు షవర్ కింద నిలబడితే ట్యాంక్ మొత్తం ఖాళీ అయిపోతోంది. బాయిలర్ మీద స్ట్రెయిన్ పడి పైలట్ పోతోంది. ఓల్డ్ మోడల్ కదా."

నీళ్ళు ఎంత వాడినా మంట ఆరదని నాకు తెలుసు. నీళ్ళు ఒక చోట, మంట ఒక చోట, మధ్యలో ఇనుప గోడ ఉంది. "రెంటికీ సంబంధం ఉండదేమోనండీ బావగారూ" అన్నాను.

"ఇంజినీర్ నేనా, నువ్వా?" అని నవ్వారు. అక్క కూడా నవ్వింది. మా ఆయన చేతిలో పేపరు తిరగేశారు.

మర్నాటినుంచి ఇంట్లో కొత్త నియమం వచ్చింది. మధ్యాహ్నం స్నానాలు లేవు. సాయంత్రం అందరివీ అయ్యాక చివర నేను, అదీ అయిదు నిమిషాలు. వంటింట్లో గుడ్లు ఉడకబెట్టడానికి వాడే టైమర్ ఒకటి ఉండేది. అక్క దాన్ని తిప్పి బాత్రూమ్ బయట పెట్టేది. అది గణగణమనగానే తలుపు కొట్టేది. "అయిపోయింది, బయటికి రా!" ఒకసారి జుట్టుకి సబ్బుతోనే బయటికి వచ్చాను. మధ్యాహ్నం రెండున్నరనుంచి ఆ వేళ దాకా ఆ కోడి వాసనతోనే కూర్చునేదాన్ని. నేను దగ్గరికెళ్తే అక్క ముక్కు దగ్గర చున్నీ పెట్టుకునేది.

"వాళ్ళిల్లు కదా. కొన్నాళ్ళు సర్దుకుపో" అన్నారు మా ఆయన.

సర్దుకున్నాను. అయినా పైలట్ ఆరుతూనే ఉంది. అంటే నేను దొంగతనంగా స్నానం చేస్తున్నానని వాళ్ళు తేల్చుకున్నారు.

శుక్రవారం సాయంత్రాలు మా ఇంట్లో ప్రార్థన కూటం జరిగేది. తెలుగువాళ్ళు పది పన్నెండు మంది వచ్చేవారు. ఆ శుక్రవారం అక్క ప్రార్థన చేసింది. ఊళ్ళోవాళ్ళ కోసం, జబ్బుపడ్డవాళ్ళ కోసం, పరీక్షలు రాసేవాళ్ళ కోసం ప్రార్థించాక గొంతు తగ్గించింది.

"ప్రభువా, మా ఇంట్లో ఉన్న చెల్లెల్ని నీ పాదాల దగ్గర పెడుతున్నాను తండ్రీ. తన సుఖం తానే చూసుకునే గుణాన్ని ఆ బిడ్డలోనుంచి తీసెయ్యి తండ్రీ. ఇంట్లో మిగతావాళ్ళకి కూడా అవసరాలుంటాయని గ్రహించే మనసు దయచెయ్యి. చాటుగా చేసేవి నీకు మరుగు కావు తండ్రీ."

"స్తోత్రం" అన్నారు నలుగురు. తర్వాత అందరూ కలిసి ఆమెన్ అన్నారు. నా పక్కనే కూర్చున్న మా ఆయన గొంతు కూడా అందులో వినిపించింది. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా కూర్చున్న ఒక ఆంటీ నన్ను జాలిగా చూస్తోంది. ఆవిడకి టీ నేనే ఇచ్చాను. ఈ ఇంట్లో వీళ్ళని ఊరికే వదలకూడదని ఆ నిమిషంలోనే అనుకున్నాను. అంతకుముందు ఎవరి మీదా నాకు అలాంటి కోరిక పుట్టలేదు.

సోమవారం ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా లాండ్రీ గదిలో నేల మీద బోర్లా పడుకుని బాయిలర్ కింది తలుపు తీశాను. చూస్తే పైలట్ ఆరి ఉంది. దాన్ని ఎలా వెలిగించాలో పక్కింటికెళ్ళి అక్కడి ఆవిడని అడిగాను. మాల్టానుంచి వచ్చిన ముసలావిడ, భర్త గ్యాస్ పనివాడుగా చేసి పోయాడు. ఆవిడ ఇంట్లోనూ ఇలాంటి బాయిలరే. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకేలా ఉండేవి కాబట్టి ఇద్దరికీ బాగా అర్థమయ్యేది.

"ముందు గ్యాస్ కట్టెయ్యి. అయిదు నిమిషాలు ఆగు. వాసన లేదని చూసుకో. అప్పుడు ఈ నాబ్ నొక్కిపట్టి వెలిగించు. అరవై లెక్కపెట్టేదాకా నొక్కే ఉంచు." అలా చెప్పి, తన ఇంట్లో రెండుసార్లు చేసి చూపించింది. నన్నూ ఒకసారి చెయ్యమంది. భర్త పెట్టెలోంచి టార్చీ, చిన్న స్పానరూ తీసి ఇచ్చింది.

టార్చి వెలుగులో మా పైలట్ పక్కన పెన్సిలు మొనలాంటి కడ్డీ ఒకటి కనిపించింది. దాన్ని చూసి నవ్వొచ్చింది. అది థర్మోకపుల్. రెండు రకాల లోహాలు అతికించి, అతికిన చోట వేడి చేస్తే కొద్దిగా కరెంటు పుడుతుంది. ఒంగోలులో ఎంతమంది ఆడపిల్లలకో మీటరు ముల్లు కదిలించి చూపించాను. ఇక్కడ ఆ కాస్త కరెంటే గ్యాస్ దారిని తెరిచి ఉంచుతోంది. మంట ఆరితే కడ్డీ చల్లబడుతుంది, గ్యాస్ తనంతట తానే మూసుకుంటుంది. ఎంత తెలివైన ఏర్పాటు!

వెలిగించి చూశాను. మంట నీలంగా లేదు. పసుపుపచ్చగా, నీరసంగా అటూ ఇటూ ఊగుతోంది, కడ్డీని తాకడంలేదు. చుట్టూ బూడిదరంగు నూగు పేరుకుని ఉంది. వేలితో తీసి చూశాను. బట్టల నూగు. అందులో ఎర్ర పోగులు, అక్క కొత్త తువ్వాళ్ళ రంగు.

తల తిప్పితే రెండడుగుల దూరంలో బట్టలారబెట్టే డ్రయ్యర్. అక్క ముచ్చటపడి ఏప్రిల్లో కొనిపించుకుంది. బావగారు స్వయంగా గోడకి బిగించారు. బుధవారం, శనివారం అది గంటల తరబడి తిరిగేది. దాని వేడిగాలీ నూగూ తిన్నగా బాయిలర్ అడుక్కి పోయేవి. లెక్కపెట్టుకున్నాను. పైలట్ ఆరినవన్నీ ఆ మర్నాడో, ఆపై రోజో.

వెళ్ళి చెప్పి ఉండాల్సింది. చెబితే ఏమవుతుందో కూడా ఊహించాను. బావగారు కింద కూర్చుని తుడుస్తారు, మంట వెలుగుతుంది, "నేను కనిపెట్టాను" అంటారు. ప్రార్థన కూటంలో అన్న మాట మాత్రం అలాగే ఉండిపోతుంది. అది నాకు చాలలేదు.

పాత టూత్‌బ్రష్‌తో పైలట్ చుట్టూ ఉన్న నూగు మాత్రం తుడిచాను. అడుగున మెత్తలా పేరుకున్న దాన్ని కావాలనే వదిలేశాను, ఎప్పటికైనా ఒకరి కంట పడాలని. థర్మోకపుల్ తీగ గ్యాస్ దారిని తెరిచి మూసే వాల్వుకి ఒక చిన్న నట్టుతో బిగించి ఉంటుంది. ఆ నట్టులోంచి కరెంటు తప్ప గ్యాస్ పోదు. దాన్ని అర చుట్టు వదులు చేస్తే, నాబ్ నొక్కినంతసేపూ పైలట్ వెలుగుతుంది, చెయ్యి తియ్యగానే ఆరిపోతుంది.

ఆ రోజునుంచి నా మధ్యాహ్నాలు మారిపోయాయి. ఇంటికి రాగానే నట్టు బిగించి పైలట్ వెలిగించేదాన్ని. గంటలో నీళ్ళు కాగేవి. నలభై నిమిషాలు షవర్ కింద నిలబడేదాన్ని, ట్యాంకులో చివరి వెచ్చటి చుక్క అయిపోయేదాకా. వాళ్ళు నా మీద ఏ నేరం మోపారో సరిగ్గా అదే చేశాను. తర్వాత బాత్రూమ్ నేల తుడిచి, కిటికీ తెరిచి, నట్టు మళ్ళీ అర చుట్టు వదులు చేసి, జుట్టు ఆరేదాకా పెరట్లో కూర్చునేదాన్ని.

సాయంత్రం అక్క అరుపుతో నా రెండో సంతోషం మొదలయ్యేది.

"ఏవండీ, మళ్ళీ పోయింది!"

బావగారు టై కూడా విప్పకుండా లాండ్రీలో న్యూస్‌పేపర్ పరుచుకుని పడుకునేవారు. అగ్గిపుల్ల తరవాత అగ్గిపుల్ల. "వెలుగుతోందే... వెలుగుతోంది... ఛీ!" చెయ్యి తియ్యగానే ఆరిపోయేది. అక్క శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడేది.

"మీరు ఇంజినీరే కదండీ?"

"వంతెనలకే! బాయిలర్లకి కాదు!"

ఆ మాట విన్నప్పుడు నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఆ రోజు కూర నిజంగా బాగా కుదిరింది. ఆయనకి టీ పట్టుకెళ్ళి, "తాగండి బావగారూ, అలిసిపోయారు" అన్నాను. గ్యాస్‌మ్యాన్‌ని పిలవమని అక్క పోరింది. ఇంత చిన్నదానికి మనిషిని పిలుస్తామా అని ఆయన పంతం.

చివర నా వంతు వచ్చేది. "చన్నీళ్ళు ఎలా పోసుకుంటావే?" అని అక్క అడిగింది ఒకరోజు. "పర్లేదక్కా, నాకు అలవాటే" అన్నాను. లోపలికెళ్ళి కుళాయి తిప్పి, టబ్బు అంచు మీద పొడిబట్టలతో కూర్చుని, అయిదు నిమిషాలయ్యాక భుజాలు ముడుచుకుని బయటికొచ్చాను. మా ఆయన నన్ను చూసి బాధపడ్డారు. పడనీ అనుకున్నాను. ఆయన కూడా చన్నీళ్ళే పోసుకుని పళ్ళు టకటకలాడించుకుంటూ పక్కలో చేరేవారు.

ఇలా మూడు వారాలు జరిగింది.

మూడో వారం గురువారం అక్క స్టవ్ మీద పెద్ద గిన్నెతో నీళ్ళు కాచుకుంది. రెండు మసిగుడ్డలతో పట్టుకుని బాత్రూమ్‌కి తీసుకెళ్తుంటే వరండాలో కాలు జారింది. సగం నీళ్ళు కుడి పాదం మీద పడ్డాయి. ఉన్ని సాక్సు తొడుక్కుని ఉంది. ఆ మరిగే నీళ్ళన్నీ సాక్సు పీల్చుకుంది.

అందరికంటే ముందు నేనే పరిగెత్తాను. ఒక్క క్షణం, ఆ కేక విన్న మొదటి క్షణం, నాలో ఏదో తృప్తి కదిలింది. లేదని చెబితే అబద్ధం. మరుక్షణం ఆవిడని ఎత్తి టబ్బు అంచున కూర్చోబెట్టి పాదం మీదకి చన్నీళ్ళ కుళాయి తిప్పాను. సాక్సు తీస్తుంటే చర్మం దాంతోపాటు వచ్చింది. ఇరవై నిమిషాలు ఆ పాదం నా చేతుల్లోనే ఉంది. బావగారు కారు బయటికి తీస్తున్నారు, మా ఆయన డాక్టరుకి ఫోన్ చేస్తున్నారు.

చెప్పేద్దామనుకున్నాను. "అక్కా, ఆ బాయిలర్..." అన్నాను.

ఆవిడ పళ్ళు బిగించి నా వైపు చూసింది. "నీవల్లేనే ఇదంతా. నువ్వొచ్చిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో వేణ్ణీళ్ళు లేవు. అంతా నువ్వే పోసేసుకున్నావ్."

అన్నది అక్షరాలా నిజం. కానీ ఆ నిజం ఆవిడకి తెలిసి అనలేదు. తెలియకపోయినా అనగలిగిన మనిషి కాబట్టి అంది. బాయిలర్ మాట వదిలేసి, నీళ్ళు పోస్తూనే ఉన్నాను.

ఆ సాయంత్రమే బావగారు గ్యాస్‌మ్యాన్‌కి ఫోన్ చేశారు. శనివారం పొద్దున వస్తానన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం స్పానర్ పట్టుకుని లాండ్రీలో చాలాసేపు నిలబడ్డాను. బిగించి, నూగంతా తుడిచేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. కానీ నా తప్పుతోపాటు వాళ్ళ తప్పు కూడా తుడిచిపెట్టుకుపోతుంది. అది నేను ఒప్పుకోలేకపోయాను. నట్టు వదులుగానే ఉంచి బయటికొచ్చాను.

వచ్చినాయన యాభై దాటిన తెల్లాయన, పొట్టి నిక్కరు, ఆ చలిలో. అక్క కట్టుకట్టిన పాదం స్టూలు మీద పెట్టుకుని వంటింటి గుమ్మంలో కూర్చుంది. ఆయన పడుకుని టార్చి వేసి చూడగానే నట్టు మీద వేలు పెట్టాడు. ఇది వదులుగా ఉంది మేట్ అన్నాడు. దీని మీద ఎవరో స్పానర్ వాడారు, గీతలు చూడు అన్నాడు.

బావగారు వంగి నట్టు చూశారు. లేచి నిలబడి, అది తానే అన్నారు. బాగుచేద్దామని ప్రయత్నించానన్నారు.

"మీరా!" అంది అక్క. "మూడు వారాలనుంచి మీరు చేసిన ఘనకార్యమా ఇది? నా కాలు చూడండి!"

గ్యాస్‌మ్యాన్ అప్పుడే అడుగునుంచి బూడిదరంగు నూగు ముద్దని రెండు చేతులతో లాగాడు. చిన్న దిండంత ఉంది. డ్రయ్యర్ వైపు చూసి, దీన్ని ఇక్కడ ఏ తెలివైనవాడు పెట్టాడని అడిగాడు. బాయిలర్‌కి ఊపిరాడకుండా చేస్తున్నది ఇదేనట. మొదటినుంచీ పైలట్ ఆరింది దీనివల్లేనట.

అక్క ఆగలేదు. "బట్, టూ మచ్ షవర్, దట్ ఈజ్ ది ప్రాబ్లమ్, నో?" అని అడిగింది.

ఆయన నవ్వాడు. రోజంతా షవర్ కింద నిలబడినా పైలట్ ఆరదమ్మా, నీళ్ళు వాడుకోవడానికే కదా ఇది ఉంది అన్నాడు.

ఆ వాక్యం నాకు ఎంత రుచిగా అనిపించిందో చెప్పలేను. అక్క మొహం చూశాను. బావగారి మొహం చూశాను. మా ఆయన మొహం కూడా చూశాను. ముగ్గురివీ తీరిగ్గా, ఒకరి తర్వాత ఒకరివి. ఎవరూ నా కళ్ళలోకి చూడలేదు.

అప్పుడాయన ఇంకో మాటన్నాడు. గాలి అందక మంట సరిగ్గా మండకపోతే విషవాయువు పుడుతుందట. దానికి వాసన ఉండదు. కిటికీలు మూసిన ఇంట్లో మనిషికి ముందు తలనొప్పి వస్తుంది, తర్వాత ఏదీ తెలియదు అన్నాడు. మీరు అదృష్టవంతులు అన్నాడు.

నాకు తెలిసిన ఫిజిక్స్ నట్టు దగ్గరే ఆగిపోయింది. మూడు వారాలుగా ఆ బాయిలర్ మండింది నేనొక్కదాన్నే ఇంట్లో ఉన్న గంటల్లో. ఆ మధ్యాహ్నాలు నాకు తలనొప్పి వచ్చేది. ఫ్యాక్టరీ చలివల్ల అనుకున్నాను. నేను కావాలని వదిలేసిన నూగు అది.

డ్రయ్యర్ ఇక వాడకూడదన్నాడు కాబట్టి ఆ మధ్యాహ్నం తడిబట్టలు పెరట్లో తీగల మీద నేనే ఆరేశాను. బావగారు గడ్డి వైపు చూస్తూ వచ్చి నిలబడ్డారు.

"ఆ నట్టు నేను ముట్టుకోలేదమ్మా."

దుప్పటికి క్లిప్పు పెట్టాను. "తెలుసండీ."

"మీ అక్కకి చెప్పకు. తట్టుకోలేదు." అంతే అని లోపలికెళ్ళిపోయారు.

కృతజ్ఞత కలగాలి కదా. నాకు ఒళ్ళు మండిపోయింది. నా మీద మొదట నింద వేసిన మనిషే, నా తప్పు దొరికిన రోజున పెద్దమనిషి అయిపోయాడు. నేను గెలిచాననుకున్న చోట నన్ను క్షమించేసి వెళ్ళాడు. ఆ తడి దుప్పటిని ఎంత గట్టిగా దులిపానంటే ఒక అంచు చిరిగింది.

అక్క రెండు వారాలు నడవలేదు. కట్టు మార్చింది, తల దువ్వింది, అన్నం పళ్ళెం అందించింది నేనే. ప్రేమతో చేశానని చెప్పను. ఆ పాదం నా పని. దాన్ని ఇంకొకరు ముట్టుకోవడం నాకు ఇష్టంలేకపోయింది. ఆవిడ క్షమించమని అడగలేదు. నేనూ అడగలేదు. వచ్చినవాళ్ళందరికీ మాత్రం ఆయన స్పానర్‌తో బాయిలర్ పాడుచేసిన కథ చెప్పేది. బావగారు తల వంచుకుని నవ్వేవారు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో ఆ కథ చెబుతూనే ఉంటుంది. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను.

వసంతం రాగానే అదే ఊళ్ళో ఫుట్‌స్క్రే వైపు ఒక ఫ్లాటు చూసుకుని వెళ్ళిపోయాం.

ఆ కాలు విషయంలో నాకు బాధ ఉంది. మంచం పట్టేంత పశ్చాత్తాపం కాదుగానీ, ఆవిడ చెప్పులు విప్పినప్పుడల్లా కళ్ళు అటు వెళ్ళి వెనక్కొస్తాయి. మిగతా దానికి లేదు. ఆ మూడు వారాల మధ్యాహ్నాలని తిరిగి ఇచ్చెయ్యమంటే ఇవ్వను.

చాలా ఏళ్ళకి, పిల్లలు స్కూలుకి వెళ్ళిన ఒక ఉదయం, మా ఆయనకి మొత్తం చెప్పాను. ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టి విన్నారు.

"నాకైనా చెప్పొచ్చు కదా" అన్నారు చివరికి. "నేనూ అన్ని రోజులూ చన్నీళ్ళే పోసుకున్నాను."

"ఆ శుక్రవారం మీరూ ఆమెన్ అన్నారు. మీకు చెప్పకూడదనే చెప్పలేదు" అన్నాను.

ఆయన కప్పు తీసుకెళ్ళి సింకులో కడిగి, చాలాసేపు తుడిచి, బోర్లించారు.